అమ్మానాన్నలను మ్యూర్ వుడ్స్‌కి తీసుకెళ్తున్నారా?

శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి ఈ రెడ్‌వుడ్ అడవికి కార్లో వెళ్లాలంటే 2018 నుంచి పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి. ప్రవేశ టికెట్ వేరు. నేషనల్ పార్క్ పాస్ ఉంటే ఆ టికెట్ అక్కర్లేదు గానీ పార్కింగ్ డబ్బులు మాత్రం కట్టాల్సిందే. కారు దొరక్కపోతే కొన్ని రోజుల్లో షటిల్ బస్సు ఉంటుంది, దానికీ బుకింగ్ కావాలి.

అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. బుకింగ్ మెయిల్ గేటు దగ్గర తెరుచుకోదు కాబట్టి ఇంట్లోనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మ్యాప్ కూడా డౌన్‌లోడ్ చేసుకోండి. ఉబర్‌లో వెళ్తే తిరుగు ప్రయాణానికి కారు పిలవడం కుదరదు.

చివరి కొన్ని మైళ్లు అన్నీ మలుపులే. పెద్దవాళ్లకు కడుపులో తిప్పకుండా తేలిగ్గా తినిపించండి, ముందు సీట్లో కూర్చోబెట్టండి. పులిహోర డబ్బా కారులోనే ఉంచండి, అడవి లోపల నడక బాటలో తినడానికి అనుమతి లేదు. మంచినీళ్లు తీసుకెళ్లొచ్చు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు రెండో వంతెన దాకా వెళ్లి వెనక్కి వస్తే చాలు, అరగంట పని. దారి చదునుగా ఉంటుంది, వీల్‌చైర్ వెళ్తుంది. ఓపికుంటే మూడో వంతెన, గంట. ఎండాకాలంలోనూ స్వెటర్ ఉండాలి, నీడలో చలేస్తుంది.

ఫొటో కోసం కంచె దాటి చెట్టు మొదట్లో నిలబడొద్దు. రెండు వందల అడుగులు దాటిన ఈ చెట్లకు తల్లివేరు ఉండదు. వేళ్లు నేలకు దగ్గరగానే పక్కలకు పాకుతాయి. తొక్కితొక్కి మట్టి గట్టిపడితే వాటికి నీరు, గాలి అందవు. నిలువెత్తు చెట్టంతా పడాలంటే చెక్కబాట మీదే ఫోన్‌ను నిలువు పనోరమాలో కింద నుంచి పైకి మెల్లగా తిప్పండి.