పికప్‌లో ఫోర్ వీల్ డ్రైవ్: దిగబడక ముందే వేయండి, తారు ఎక్కగానే తీయండి

పికప్ కొన్నవాళ్లలో చాలామంది గేర్ దగ్గరుండే ఫోర్ వీల్ డ్రైవ్ గుండ్రటి నాబ్‌ని రెండు సందర్భాల్లోనే ముట్టుకుంటారు. ఒకటి, బండి ఇరుసు దాకా బురదలో కూరుకుపోయాక. రెండోది, హైవే మీద జోరువాన పడుతుంటే భయమేసి. మొదటిది ఆలస్యం, రెండోది అనవసరం, పైగా బండికి నష్టం. ఎప్పుడు వేయాలో, ఎప్పుడు తీయాలో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం కుడికాలు అదుపులో ఉంచుకోవడం.

నేను చెప్పేది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ గురించి, అంటే అవసరమైనప్పుడు మాత్రమే మనం వేసుకునేది. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీక్రాస్ ఫోర్ బై ఫోర్, 2022లో మన దేశానికి వచ్చిన టొయోటా హైలక్స్, రెండింట్లోనూ ఉన్నది ఇదే పద్ధతి. నాబ్‌ని 2హెచ్‌లో పెడితే వెనక చక్రాలు మాత్రమే లాగుతాయి. 4హెచ్‌లో పెడితే ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) ముందు షాఫ్ట్‌ని, వెనక షాఫ్ట్‌ని కలిపి బిగించేస్తుంది, ఇక ఆ రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. 4ఎల్‌లోనూ అంతే, కాకపోతే దాని మీద ఇంకో గేర్ తగ్గింపు కలుస్తుంది, ఈ బండ్లలో అది సుమారు రెండున్నర రెట్లు. అంటే ఇంజిన్ అదే వేగంతో తిరుగుతున్నా బండి అంత నెమ్మదిగా కదులుతుంది, చక్రాల దగ్గర బలం అంత పెరుగుతుంది.

ఆ "ఒకే వేగం" దగ్గరే అసలు చిక్కంతా ఉంది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద వంపులో, వెనకవి చిన్న వంపులో వెళ్తాయి. ముందు షాఫ్ట్ కాస్త ఎక్కువ తిరగాలి, కానీ మనం రెండింటినీ కట్టేశాం. మట్టి మీదో ఇసుక మీదో అయితే టైరు కొంచెం జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు మీద, సిమెంటు రోడ్డు మీద జారడానికి వీల్లేదు, ఆ బిగువంతా గేర్లలో, షాఫ్టుల్లో, ట్రాన్స్‌ఫర్ కేస్ లోపల పేరుకుంటుంది. సిమెంటు రోడ్డు మీద 4హెచ్‌లో స్టీరింగ్ మొత్తం తిప్పి మెల్లగా యూటర్న్ కొడుతున్న బండిని గమనించండి: స్టీరింగ్ బరువెక్కుతుంది, ముందు టైరు కీచుమంటూ చిన్నగా ఎగిరినట్టు అదురుతుంది, యాక్సిలరేటర్ వదిలితే ఎవరో బ్రేక్ తొక్కినట్టు బండి ఠక్కున ఆగుతుంది. అలా కిలోమీటర్ల కొద్దీ తిప్పితే ఎక్కడో ఒక చోట విరుగుతుంది, ఆ రిపేరు బిల్లు చిన్నది కాదు.

మామూలు వానకు తడిసిన హైవే కూడా ఈ లెక్కలో తారే. నీళ్లున్నా టైరుకు పట్టు బాగానే ఉంటుంది, కాబట్టి 2హెచ్ చాలు, స్పీడు తగ్గించుకోండి. ఇంకో మాట గట్టిగా చెప్పాలి: ఫోర్ వీల్ డ్రైవ్ బండిని ముందుకు లాగడానికే, ఆపడానికి కాదు. ఆపేది బ్రేకులు, టైర్లు, అవి ఏ బండికైనా నాలుగే. 4హెచ్‌లో జారకుండా ఉరికే బండి ఇచ్చే ధైర్యంతో ఘాట్ రోడ్డు దిగేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. ఘాట్‌లో కొండ మీంచి మట్టి కొట్టుకొచ్చి రోడ్డంతా బురద పరుచుకున్న చోట 4హెచ్ వేసుకోండి, అది దాటగానే తీసేయండి.

పికప్‌కి ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇంజిన్ బరువంతా ముందు, వెనక ఖాళీ తొట్టి. లోడు మోయడానికి పెట్టిన కమాన్ పట్టీలు ఖాళీగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి వెనక భాగాన్ని ఎగరేస్తాయి. అందుకే తడి గడ్డి మీద, కాలవ గట్టు మీద ఖాళీ పికప్ 2హెచ్‌లో చాలా తేలిగ్గా చతికిలపడుతుంది, పక్కనే చిన్న కారు వెళ్లిపోతున్నా సరే. వర్షాకాలంలో పొలం దారుల్లో తిరిగేవాళ్లు వెనక ఇరుసుకి సరిగ్గా పైన రెండు మూడు ఇసుక బస్తాలు వేసుకుని తాడుతో కట్టేసుకుంటే చాలా తేడా ఉంటుంది. కట్టకుండా వదలొద్దు, సడన్ బ్రేక్ వేస్తే అవి వచ్చి క్యాబిన్‌కి కొట్టుకుంటాయి.

ఇక వేసే పద్ధతి. 2హెచ్ నుంచి 4హెచ్‌కి బండి నడుస్తుండగానే మార్చుకోవచ్చు, ఎంత స్పీడు లోపల అన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. నా సలహా, అంత స్పీడు దాకా వెళ్లకండి, నెమ్మదిగా, స్టీరింగ్ నిటారుగా పెట్టి, యాక్సిలరేటర్ వదిలి నాబ్ తిప్పండి. డ్యాష్‌బోర్డులో లైటు కాసేపు మెరుస్తుంది, నిలకడగా వెలిగితేనే పడినట్టు. వెనక చక్రం బురదలో గిరగిరా తిరుగుతున్నప్పుడు మాత్రం నాబ్ తిప్పొద్దు, ముందు షాఫ్ట్ ఆగి ఉంటే వెనకది పరిగెడుతోంది, ఆ రెండింటినీ ఒక్కసారిగా కలిపితే గేర్ల పళ్లు దెబ్బతింటాయి. 4ఎల్‌కి బండి పూర్తిగా ఆపాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి, మాన్యువల్ గేర్ అయితే క్లచ్ తొక్కి ఉంచాలి. లైటు మెరుస్తూనే ఉంటే కంగారు పడకుండా బండిని అడుగు ముందుకో వెనక్కో కదిలిస్తే పళ్లు కలుస్తాయి. తీసేటప్పుడు కూడా ఇంతే. తారు ఎక్కాక 2హెచ్‌లో పెట్టినా లైటు పోకపోతే లోపల బిగువు ఉందన్నమాట, నిటారుగా నాలుగైదు మీటర్లు రివర్స్ తీస్తే వదిలేస్తుంది.

ఏది ఎప్పుడు? వేగం కావాల్సిన చోట 4హెచ్: బురద దారి, ఇసుక, కంకర, తడి మట్టిరోడ్డు. బలం కావాల్సిన చోట, నెమ్మదిగా అడుగులో అడుగు వేయాల్సిన చోట 4ఎల్: రాళ్ల మీద ఎక్కడం, నిట్టనిలువు ఎత్తులు, లోడుతో ఏటవాలు దిగడం, ఇంకో బండిని లాగడం. దిగేటప్పుడు 4ఎల్‌లో మొదటి గేరు వేసి క్లచ్, బ్రేకు రెండిటి మీంచీ కాళ్లు తీసేస్తే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, మనిషి నడక కన్నా నెమ్మదిగా దించుతుంది. సగం వాలులో క్లచ్ మాత్రం తొక్కొద్దు.

నల్లరేగడి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ బండ్లు దిగబడేది అందులోనే. ఎర్రమట్టి తడిస్తే జారుతుంది, కింద గట్టి నేల దొరుకుతుంది. రేగడి అలా కాదు, తడిస్తే ఉబ్బి బంకలా టైరుకు చుట్టుకుంటుంది, టైరు గాళ్లన్నీ నిండిపోయి నున్నటి గుండు అయిపోతుంది. అప్పుడు నాలుగు చక్రాలు లాగినా ఒకటే, నలభై లాగినా ఒకటే. కాబట్టి దిగే ముందు బండి ఆపి, దిగి నడవండి. మడమతో గట్టిగా తొక్కి చూడండి: నాలుగు వేళ్ల లోతు దిగి కింద గట్టిగా తగిలితే వెళ్లొచ్చు, మడమ దిగుతూనే ఉంటే వేరే దారి చూసుకోండి. ట్రాక్టర్ గాళ్లు పడి ఉంటే వాటి లోతు చూడండి, ట్రాక్టర్ చక్రం ఎత్తు వేరు, మన బండి కడుపు ఎత్తు వేరు. గాళ్లలో దిగితే మధ్యలో ఉన్న దిబ్బ మీద వెనక డిఫరెన్షియల్ గుండు (ఇరుసు మధ్యలో ఉండి, రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టె) ఆనుకుని చక్రాలు గాల్లో తిరుగుతాయి. ఒక పక్క చక్రాలు గట్టు మీద, ఇంకో పక్కవి దిబ్బ మీద ఉండేలా వెళ్లడం మంచిది.

గట్టి నేల మీద ఉండగానే 4హెచ్ వేసి, రెండో గేరులో, ఒకే ఊపులో వెళ్లండి. మధ్యలో గేరు మార్చొద్దు, ఆగొద్దు. స్పీడు తగ్గిపోతుంటే స్టీరింగ్‌ని కొంచెం అటూ ఇటూ కదిపితే టైరు అంచులు కొత్త మట్టిని కరుచుకుంటాయి. చక్రం తిరుగుతూ బండి కదలడం ఆగిపోతే వెంటనే యాక్సిలరేటర్ వదిలేయండి. ఆ క్షణంలో ఇంకా తొక్కడం వల్లే బండి ఇరుసు దాకా వెళ్తుంది, అప్పుడు వదిలితే వచ్చిన జాడలోనే రివర్స్‌లో బయటికి రావచ్చు.

ఇసుకలో మాత్రం టైరు గాలే ముఖ్యం. సూర్యలంక లాంటి బీచ్‌ల దగ్గర, గోదావరి ఇసుక తిన్నెల దగ్గర ఖాళీ బండికి గాలి 18 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే టైరు వెడల్పయి ఇసుక మీద తేలుతుంది. తొట్టిలో లోడుంటే ఇంత తగ్గించకూడదు. గాలి తగ్గించాక స్పీడుగా వెళ్లొద్దు, స్టీరింగ్ గట్టిగా కొయ్యొద్దు, టైరు రిమ్ నుంచి ఊడొస్తుంది. ఆపాల్సి వస్తే బ్రేక్ తొక్కకుండా దానంతట అదే ఆగనివ్వండి, పల్లం వైపు మొహం పెట్టి ఆపండి. 12 వోల్టుల చిన్న గాలి పంపు బండిలో లేకుండా గాలి తీయొద్దు, ఎందుకంటే తారు ఎక్కే ముందు మళ్లీ నింపి తీరాలి.

నీళ్ల విషయంలో నా మాట ఒకటే: పారుతున్న వాగులో దిగొద్దు. హైలక్స్‌కి 700 మిల్లీమీటర్ల లోతు అని కంపెనీ చెప్తుంది, కానీ అది బండి దెబ్బతినకుండా దాటగల లోతు, ప్రవాహం నెట్టదని హామీ కాదు. రెండడుగుల నీళ్లు వేగంగా పారుతుంటే పికప్‌ని కూడా పక్కకు తోసేస్తాయి. ఏటా వానాకాలంలో మన కాజ్‌వేల మీద జరిగేది ఇదే. నిలిచిన నీళ్లయితే కర్రతో లోతు చూసి, 4ఎల్‌లో ఒకే వేగంతో, క్లచ్ తొక్కకుండా దాటండి. మధ్యలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టొద్దు, గాలి దారిలో నీళ్లు చేరి ఉంటే ఇంజిన్ లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

నాలుగు చక్రాలూ లాగుతాయన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. డిఫరెన్షియల్ లాక్ (ఒక ఇరుసు మీది రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేది) లేని బండిలో ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం పట్టు తప్పితే మిగతా రెండూ ఊరికే ఉండిపోతాయి. ట్రాక్షన్ కంట్రోల్ ఉంటే తిరిగే చక్రానికి బ్రేక్ వేసి రెండో దానికి బలం పంపుతుంది, దానికి పని చేయడానికి ఒకటి రెండు సెకన్లు టైమ్ ఇవ్వాలి. వెనక డిఫరెన్షియల్ లాక్ ఉంటే అడ్డంకి వచ్చే ముందే వేసి, దాటగానే తీసేయండి, లాక్‌తో మలుపులు తిరగొద్దు.

అన్నీ చేసినా దిగబడితే ముందు పార తీయండి. చక్రాల ముందు, డిఫరెన్షియల్ కింద మట్టి తీసేసి, రాళ్లో కంపో వేస్తే చాలాసార్లు బయటికొస్తుంది. ఊళ్లో ట్రాక్టర్ పిలిస్తే గొలుసు బంపర్‌కి కట్టనివ్వొద్దు, ఛాసిస్‌కి ఉన్న హుక్‌కే కట్టించండి, అదీ గొలుసు బిగిసే దాకా మెల్లగా వెళ్లి ఆ తర్వాత లాగమనండి. గుంజి లాగితే గొలుసు తెగి ప్రాణాలు తీస్తుంది, చుట్టూ నిలబడ్డ జనాన్ని ముందు దూరం పంపించండి.

అమెరికాలోనో కెనడాలోనో మంచులో పికప్ నడిపే మనవాళ్లకు ఒక్క మాట: రోడ్డు మీద కాసేపు మంచు, కాసేపు పొడి తారు వస్తుంటే 4ఆటో (అవసరమైనప్పుడు దానంతట అదే ముందు చక్రాలకూ బలం పంపే సెట్టింగ్) ఉన్న బండిలో అదే వాడండి. అది లేకపోతే, మంచు పూర్తిగా పరుచుకున్న చోటే 4హెచ్.

చివరిగా పోషణ. నెలకోసారైనా మట్టి దారి మీద కొన్ని కిలోమీటర్లు 4హెచ్‌లో తిప్పండి, లేదంటే వాడని పార్టులకు ఆయిల్ అందక, నాబ్ తిప్పగానే గేర్లను కలిపే యాక్చువేటర్ బిగుసుకుపోయి, అవసరమైన రోజు లైటు మెరుస్తూనే ఉంటుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి, ముందు కొత్తవి వెనక అరిగినవి వేస్తే నిటారుగా వెళ్తున్నా లోపల బిగువు పెరుగుతుంది. లోతు నీళ్లలో దిగి వచ్చాక డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ తీయించి చూడండి, పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే వెంటనే మార్పించాలి. బండి ఎక్కడైనా ఆగిపోయి టోయింగ్ పిలవాల్సి వస్తే రెండు చక్రాలు ఎత్తి లాక్కెళ్లే బండి వద్దని, మొత్తం ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ కావాలని ఫోన్‌లోనే చెప్పండి.