చైన్ లింక్ కంచెకు కట్టుతీగ కొనేముందు జాగ్రత్తలు

కంచె జాలీని స్తంభాలకు, పైపులకు కట్టే తీగనే కట్టుతీగ అంటారు. ముందుగా జాలీకి ఏ పూత ఉందో చూడాలి. జింకు పూత జాలీకి జింకు పూత తీగనే, పీవీసీ తొడుగు ఉన్నదానికి అటువంటి తొడుగు ఉన్న తీగనే తీసుకోవాలి. కాంక్రీటు పనిలో చువ్వలు కట్టే నల్లటి బైండింగ్ వైరు చేతికి మెత్తగా వంగుతుంది కదా అని దానితో కడితే, పూత లేని ఆ తీగ వానలకు తుప్పుపట్టి తెగిపోవడమే కాక జాలీ మీద ఎర్రటి చారలు కూడా దింపుతుంది. రాగి తీగ అసలే వద్దు. తడి తగిలిన చోట అది జింకును త్వరగా తినేస్తుంది.

తీగ మందాన్ని తెలిపే గేజి సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, పైగా గేజి కొలమానాలు ఒకటికి మించి ఉన్నాయి కనుక మందాన్ని మిల్లీమీటర్లలోనే అడగడం మేలు. జాలీ అంచు వెంబడి లాగి బిగించే తీగ మాత్రం బిరుసుగా, మందంగా ఉండాలి.

కొనేముందు ఒక ముక్కను పైపు చుట్టూ మెలిపెట్టి చూడాలి. వంపు దగ్గర పూత పొరలుగా లేస్తే ఆ చుట్టను తిరిగి ఇచ్చేయాలి. నిలువు స్తంభాలకు సుమారు 30 సెంటీమీటర్లకు, పై పైపుకు 60 సెంటీమీటర్లకు ఒక కట్టు చొప్పున లెక్కవేసి, కొంత అదనంగా తెచ్చుకోవాలి. తీగ కొసలు మనుషులు తిరిగే వైపుకు పొడుచుకు రాకుండా వంచాలి. కత్తిరించిన ముక్క కంటికి ఎగిరే ప్రమాదం ఉన్నందున రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.