గరగర వెనక థాయిలాండ్

2018 డిసెంబరులో భీమిలి తీరానికి చిన్న ట్రాన్సిస్టర్ పట్టుకెళ్లాను. గురి మీడియం వేవ్‌లో 1575 కిలోహెర్ట్జ్: అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా కార్యక్రమాలను థాయిలాండ్ నుంచి మళ్లీ ప్రసారం చేసే రిలే స్టేషన్. ఉప్పునీటి మీదుగా మీడియం వేవ్ బాగా వస్తుంది, పొద్దుగూకాక ఇంకా దూరం పోతుంది. నాకేమో గరగర తప్ప ఏమీ రాలేదు. ఇంట్లో అయితే రేడియోలో ఎల్‌ఈడీ బల్బుల గోల అనుకోవచ్చు, ఇక్కడేముంది?

చూస్తే దొంగ నా సంచిలోనే ఉన్నాడు. రేడియో పక్కనే పవర్ బ్యాంకుతో ఫోన్ ఛార్జవుతోంది! వైరు పీకగానే గరగర సగానికి సగం పోయింది.

మిగిలింది విశాఖ ఆకాశవాణి, 927. దగ్గరి స్టేషన్ కదా, బ్యాండంతా తొక్కేస్తోంది. రేడియో లోపల ఏంటెనాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ కొస ఏ స్టేషన్ వైపు ఉంటే ఆ స్టేషన్ బలహీనపడుతుంది. అందుకే 927 పెట్టి, అది పీలగా అయ్యేదాకా సెట్టును ఇసుకలో మెల్లగా తిప్పాను. కడ్డీ కొస విశాఖ వైపు, బాగా అందుకునే పక్కభాగం సముద్రం వైపు నిలిచాయి. కదపకుండా 1575కి వెళ్లాను. అలలా పెరుగుతూ తగ్గుతూ ఓ గొంతు వినిపించింది.

చెప్పుల్లో ఇసుకతో ఇంటికెళ్తే ఆవిడ తిట్టింది, అది వేరే సంగతి.