రిఫరల్ గ్రూపులో చేరే ముందు

రిఫరల్ గ్రూపంటే, సభ్యులు ఒకరికొకరు కస్టమర్లను పంపుకునే వ్యాపారుల గ్రూపు. బీఎన్‌ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) తరహా గ్రూపుల్లో ఒక్కో వ్యాపారానికి ఒక్కరికే సీటు. కాబట్టి మొదట మీ లైన్‌లో సీటు ఖాళీగా ఉందో లేదో కనుక్కోండి. ఉంటే ముందు విజిటర్‌గా వెళ్లండి, విజిటింగ్ కార్డులు యాభై పట్టుకెళ్లండి. మీటింగ్ వారం వారం, చాలాచోట్ల పొద్దున్నే. విశాఖలో గాజువాకలో షాపు పెట్టుకుని సిరిపురంలో గ్రూపు చూసుకుంటే, ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్ దాటి వెనక్కొచ్చి షట్టర్ ఎత్తేదెవరు?

ఫీజు అడిగేటప్పుడు జీఎస్టీ, హాలు, టిఫిన్ ఖర్చు కూడా కలిపి అడగండి. ఏడాదికయ్యే ఆ మొత్తాన్ని ఒక్కో ఆర్డరుపై మీకు మిగిలే లాభంతో భాగిస్తే, ఖర్చు తిరిగి రావడానికి ఏడాదికి ఎన్ని ఆర్డర్లు రావాలో తేలుతుంది. ఆర్డరు మొత్తం బిల్లుతో భాగించకండి, అక్కడే చాలామంది బోల్తా పడతారు.

అసలు కిటుకు మీటింగ్‌లో రిఫరల్ అడగడంలో ఉంది. ‘ఎవరికైనా ఇంటీరియర్ పనుంటే చెప్పండి’ అంటే ఎవరికీ ఎవరూ గుర్తురారు. ‘మధురవాడలో ఫ్లాట్ తాళాలు చేతికొచ్చి, ఇంకా గృహప్రవేశం కానివాళ్లు’ అనండి. వినేవాళ్లకు వెంటనే బావమరిదో కొలీగో మెదులుతారు.

నంబరు చేతికిస్తే అది రిఫరల్ కాదు. అవతలివాళ్లు మీ ఫోన్ కోసం ఎదురుచూస్తుంటేనే రిఫరల్. వచ్చినదానికి అదే రోజు ఫోన్ చేయండి, ఇచ్చినవాళ్లకు ఏమైందో చెప్పండి. మొదటి మూణ్నెల్లు వారానికొక సభ్యుడి షాపుకెళ్లి గంట కూర్చోండి. పని తీరు చూడనిదే ఎవరూ తమ చుట్టాల్ని మీ దగ్గరికి పంపరు.