మతం వదిలాక దేవుడి సంగతి ఎలా తేల్చుకోవాలి

మతం వదిలేసినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "మరి దేవుడు ఉన్నట్టా, లేనట్టా?" ఇలా అడిగితే ఏళ్లు గడిచినా తేలదు. ఒక కాగితం తీసుకుని నడిమికి గీత గీయండి. ఎడమ పక్కన "ఈ లోకానికి మూలం ఏదైనా ఉందా?" అని, కుడి పక్కన "ఆ మూలం మన మొర వింటుందా?" అని రాయండి. తర్వాత మీరు విన్న వాదాలన్నీ ఏ పక్కకు వస్తాయో చూసి సర్దండి.

గడియారం ఉందంటే చేసినవాడు ఉండాలన్న ఇంగ్లండ్ మతబోధకుడు విలియం పేలీ వాదం (1802) ఎడమ పక్కదే. జీవుల విషయంలో దాన్ని 1859లో డార్విన్ గట్టి దెబ్బ కొట్టాడు. అసలు ఏమీ లేకుండా పోక ఇదంతా ఎందుకుంది అన్న ప్రశ్న మాత్రం ఇంకా అలాగే ఉంది.

దేవుణ్ణి నమ్ముతారా అని 1929లో ఒక రబ్బీ (యూదు మతగురువు) ఐన్‌స్టీన్‌కు టెలిగ్రామ్ ఇచ్చాడు. తత్వవేత్త స్పినోజా చెప్పిన, సృష్టిలోని పొందికలో కనిపించే దేవుణ్ణి నమ్ముతానని, మనుషుల తలరాతలు, చేతలు పట్టించుకునే దేవుణ్ణి కాదని ఆయన జవాబు. ఎడమ పక్క అవును, కుడి పక్క కాదు. ఆ స్పినోజాను 1656లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సొంత యూదు సమాజమే వెలివేసింది.

కుడి పక్క నింపేటప్పుడు మొహమాటపడకండి. జబ్బు నయమైనవాళ్లను రాస్తే, అంతే మొక్కుకున్నా నయం కానివాళ్లనూ రాయాలి. 1755 నవంబరు 1న పోర్చుగల్‌లోని లిస్బన్‌లో భూకంపం వచ్చినప్పుడు పండగ ప్రార్థనలకని జనం చర్చిల్లోనే ఉన్నారు. అదీ రాయండి.

చాలామంది తప్పటడుగు వేసేది గీత దగ్గరే. మూలం ఉంది కాబట్టి ఫలానా గ్రంథం నిజం అనేస్తారు. ఆ గెంతుకు వేరే ఆధారం కావాలి. దశాబ్దాలపాటు నాస్తికుడిగా వాదించిన ఆంటొనీ ఫ్లూ 2004లో మనసు మార్చుకున్నా, మార్చింది ఎడమ పక్క జవాబే; ఏ మతంలోనూ చేరలేదు.

నా కాగితంలో ఎడమ పక్క ఖాళీ, కుడి పక్క "లేదనుకుంటా". అయినా ఆపరేషన్ థియేటర్ బయట, లోపల మా అమ్మ ఉండగా, నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. విడదీయలేదు. ఆ టెన్షన్‌లో తర్కం పరీక్ష రాయాల్సిన పని ఎవరికీ లేదు. అది నా భయానికి సాక్ష్యం, దేవుడికి కాదు. మీకూ అలాంటి రాత్రి వస్తే దండం పెట్టుకోండి, ఏడవండి, మీ ఇష్టం. కాగితంలో దిద్దుబాట్లు మాత్రం నిద్రపోయి లేచాక చేయండి. దిద్దిన ప్రతిసారీ పక్కన తేదీ, కారణం రాయండి. కారణం ఒక్క వాక్యంలో రాయలేకపోతే పాత జవాబే ఉంచేయండి.