వర్చువల్ మెషీన్ల పాఠాలు – 7: వీసెంటర్‌ను కొత్త స్టోరేజీకి మార్చడం

పోయిన పాఠంలో కొత్త లన్‌ను (స్టోరేజీ ఇచ్చే డిస్కు ముక్క) హోస్టులన్నిటికీ (వర్చువల్ మెషీన్లను, అంటే వీఎంలను నడిపే సర్వర్లు) చూపించి, దాని మీద వీఎంల ఫైళ్లుండే వీఎంఎఫ్‌ఎస్ 6 డేటాస్టోర్ చేసుకున్నాం. మామూలు వీఎంలన్నీ అందులోకి తరలించేశాం. ఇక మిగిలింది, ఆ తరలింపంతా దగ్గరుండి చేయించిన వీసెంటర్ ఒక్కటే. హోస్టులన్నిటినీ ఒకేచోట నుంచి చూసుకునే ఈ వీసెంటర్ కూడా ఒక వీఎమ్మే.

"కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే కదా సార్ ఇది?" అని మొన్న ఓ కుర్రాడు అడిగాడు. కాదు. గుంటూరు మిర్చి యార్డుకెళ్లి చూడండి. ముఠా మేస్త్రి టిక్కీ మోయడు. ఏ టిక్కీ ఏ లారీకెక్కాలో చెబుతాడు, మోసేది హమాలీలు. ఇక్కడ మేస్త్రి వీసెంటర్, హమాలీలు ఈఎస్‌ఎక్స్‌ఐ సాఫ్ట్‌వేర్ నడిచే హోస్టులు. "నన్నే కుర్చీతో సహా ఎత్తి అవతల పెట్టండ్రా" అని మేస్త్రి అంటే వాళ్లు పెట్టలేరా? అందుకే వీసెంటర్ నడుస్తుండగానే స్టోరేజ్ వీమోషన్‌తో దాన్ని మార్చొచ్చు. కాపీ అవుతున్నంతసేపూ కొత్తగా వచ్చే రాతల్ని హోస్టు పాత డిస్కులోనూ కొత్త డిస్కులోనూ రాసుకుంటూ పోతుంది. వీస్ఫియర్ 5.0 వెర్షన్‌లో వచ్చిన మిర్రర్ డ్రైవర్ చేసే పని ఇది.

మొదలుపెట్టే ముందు వీసెంటర్ 5480 పోర్టులో లాగిన్ అయి ఫైల్ బ్యాకప్ తీసుకోండి. స్నాప్‌షాట్ ఉందిగా అనకండి, అది బ్యాకప్ కాదు. పాత స్నాప్‌షాట్లుంటే తీసేయండి. కొత్త డేటాస్టోర్‌లో చోటుందో లేదో చూసుకోండి. వీసెంటర్ 8.0లో అన్నిటికన్నా చిన్నదైన టైనీ సైజుకే 17 డిస్కులు, 579 జీబీ. డిస్క్ ఫార్మాట్ దగ్గర థిన్ పెట్టుకుంటే అంత చోటు ఒకేసారి పోదు. తర్వాత వీఎం మీద రైట్ క్లిక్, మైగ్రేట్, చేంజ్ స్టోరేజ్ ఓన్లీ. అంతే.

లైసెన్సులో స్టోరేజ్ వీమోషన్ లేనివాళ్లకే అసలు తంటా. వీసెంటర్‌ను ఆపాలి. ఆపితే మిగతా వీఎంలకేమీ కాదు, హోస్టు పడిపోతే వీఎంలను ఇంకో హోస్టు మీద లేపే హెచ్‌ఏ కూడా పని చేస్తూనే ఉంటుంది. కాకపోతే ఆపేముందు అది ఏ హోస్టు మీదుందో కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో కాదు, కాగితం మీదే.

ఎందుకింత చాదస్తమంటే, అరండల్‌పేటలో ఓ ఆఫీసులో నేనలా రాసుకోలేదు. రాత్రి పదింటికి ఆపేశాను. నాలుగు హోస్టుల్లో ఎందులో ఉందో తెలియక ఒక్కోదానిలో రూట్‌తో లాగిన్ అవుతూ వెతికాను. దొరికాక డిస్కుల్ని వీఎంకేఎఫ్‌ఎస్‌టూల్స్ కమాండ్‌తో ఒక్కొక్కటే క్లోన్ చేసి, వీఎం సెట్టింగులుండే వీఎంఎక్స్ ఫైల్ కాపీ చేసి, తెలివి ఎక్కువై ఇంకో హోస్టు మీద రిజిస్టర్ చేశాను. వీఎం లేచింది, నెట్‌వర్క్ తగల్లేదు. దాని పోర్ట్‌గ్రూప్ (వీఎంలు తగిలించుకునే నెట్‌వర్క్ పోర్టుల గుంపు), హోస్టులన్నిటికీ ఉమ్మడిగా ఉండే డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ మీద స్టాటిక్ బైండింగ్‌లో ఉంది. ఆ పోర్టు ఇవ్వాల్సింది వీసెంటర్. వీసెంటర్ లేవాలంటే పోర్టు కావాలి! చివరికి ఆ స్విచ్ నుంచి ఒక అప్‌లింక్ (హోస్టు నెట్‌వర్క్ కార్డు) ఊడదీసి, దానితో హోస్టులోనే మామూలు స్విచ్ కట్టి గట్టెక్కాను. అప్పటికి కిందనున్న టీ కొట్టు కూడా కట్టేశారు. మీరు ముందుగానే, వీసెంటర్ లేకపోయినా హోస్టే పోర్టు ఇచ్చే ఎఫెమెరల్ బైండింగ్‌తో ఒక పోర్ట్‌గ్రూప్ చేసి ఉంచుకోండి.

రిజిస్టర్ చేసి ఆన్ చేసినప్పుడు "కదిపారా, కాపీ చేశారా?" అని అడుగుతుంది. కదిపాననే చెప్పండి. కాపీ అంటే మ్యాక్ అడ్రస్ మారిపోతుంది.

పాత డేటాస్టోర్ ఖాళీగా కనబడగానే లన్ పీకేయకండి. సీడీ డ్రైవ్‌లో మరిచిపోయిన ఐఎస్‌ఓ, హెచ్‌ఏ హార్ట్‌బీట్ ఫైళ్లు, హోస్టు లాగ్‌లు, (8.0 అప్‌డేట్ 3కి ముందైతే) క్లస్టర్ పనుల కోసం వీసెంటర్ తనే పెట్టుకునే వీసీఎల్‌ఎస్ అనే చిన్న వీఎంలు అందులో ఉండిపోతాయి. వాటిని కదిపాక ముందు అన్‌మౌంట్, తర్వాత డిటాచ్, రెండూ అన్ని హోస్టుల్లో. ఆ తర్వాతే స్టోరేజీ వైపు నుంచి తీసేయాలి. వరస తప్పితే హోస్టు అన్ని దారులూ మూసుకుపోయాయనుకుని 140 సెకన్లు ఎదురుచూస్తుంది. ఏపీడీ (ఆల్ పాత్స్ డౌన్) అనే ఆ స్థితి సంగతి ఎనిమిదో పాఠంలో. అప్పటిదాకా మీ వీసెంటర్ ఏ పోర్ట్‌గ్రూప్‌లో ఉందో, దాని బైండింగ్ ఏమిటో చూసిపెట్టుకోండి.