హెల్త్ ప్రాడక్ట్స్ అమ్మే డైరెక్ట్ సెల్లర్లకు: మాట తేడా వచ్చిన చోట ఎలా సరిచేసుకోవాలి

న్యూట్రిషన్ పొడులు, జ్యూస్‌లు, క్యాప్సూల్స్ అమ్మేవాళ్లకు వచ్చే తలనొప్పులు చాలావరకు డబ్బాలో ఉన్న సరుకు వల్ల రావు, దాని గురించి మనం చెప్పిన మాట వల్ల వస్తాయి.

ముందు డబ్బా తిప్పి చూడండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) లైసెన్స్ నంబరు ఉంటే చట్టం లెక్కలో అది ఆహారం. హెల్త్ సప్లిమెంట్ అయితే వైద్యానికి వాడేది కాదని ఇంగ్లీషులో రాసి ఉంటుంది కూడా. ఆయుర్వేద మందు అయితే ఆ మందుల తయారీ లైసెన్స్ నంబరు ఉంటుంది. ఈ తేడా తెలియనివాళ్లు మీటింగ్‌లో మైకు పట్టుకోకపోవడమే మంచిది.

సమస్య: వాట్సాప్ స్టేటస్ తీసేయమని కంపెనీ నుంచి నోటీసు వచ్చింది

కారణం: ప్రాడక్ట్ పక్కన జబ్బు పేరు పెట్టారు. ఆహారం కింద అమ్మే సరుకు జబ్బును నయం చేస్తుందనో, రాకుండా ఆపుతుందనో చెప్పడాన్ని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనలు ఒప్పుకోవు, ప్రత్యేకంగా అనుమతి ఉంటే తప్ప. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రత చట్టం కింద జరిమానా 10 లక్షల రూపాయల దాకా ఉంది.

మందుగా అమ్మేదైతే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం చూసుకోవాలి. దాని షెడ్యూలులో 54 జబ్బులున్నాయి: షుగర్, బీపీ, క్యాన్సర్, పక్షవాతం, కిడ్నీలో రాళ్లు, నెలసరి సమస్యల లాంటివి. ఊబకాయం కూడా అందులో ఉందని 'వెయిట్ లాస్' అమ్మేవాళ్లలో చాలామందికి తెలియదు. మొదటిసారి తప్పుకే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 'నేను రాయలేదు, నోటితో చెప్పానంతే' అన్నా కుదరదు. నోటితో చేసే ప్రకటన కూడా ఆ చట్టంలో ప్రకటనే.

పరిష్కారం: పోస్టు తీసేయండి. డౌన్‌లైన్‌లో, అంటే మీ కింద చేరిన సెల్లర్లలో, ఎవరెవరు ఫార్వర్డ్ చేశారో అడిగి వాళ్లతోనూ తీయించండి. తర్వాత కొత్తగా రాయండి.

మునుపు: "30 రోజుల్లో షుగర్ మాయం! ఇన్సులిన్ మానేశారు!"

ఇప్పుడు: "ఇది ప్రోటీన్ పొడి, మందు కాదు. స్కూపుకు ఎంత ప్రోటీనో డబ్బా వెనక ఉంది, ఫొటో పెట్టాను. షుగర్, కిడ్నీ సమస్యలున్నవాళ్లు డాక్టరును అడిగాకే తీసుకోండి. నేను ఈ కంపెనీ డైరెక్ట్ సెల్లర్‌ని, అమ్మితే నాకు కమిషన్ వస్తుంది."

చప్పగా ఉంది, ఒప్పుకుంటాను. కొన్నాళ్లు ఆర్డర్లు కూడా తగ్గుతాయి. అలాగని పాత దారిలోకి దొడ్డిదోవన వెళ్లొద్దు. జబ్బు పేరు మధ్యలో చుక్కలు పెట్టడం, ఏమీ రాయకుండా 280 చూపే గ్లూకోమీటర్ పక్కన 110 చూపేది పెట్టడం, ఇవన్నీ ఆ మాటే చెబుతున్నాయి. చూసేవాడికి అర్థమైందంటే అధికారికీ అర్థమవుతుంది.

సమస్య: "నాకు తగ్గింది కాబట్టి చెప్పాను, అందులో తప్పేంటి?"

కారణం: కమిషన్ వచ్చే మనిషి చెప్పే అనుభవం అనుభవంగా మిగలదు, ప్రకటన అవుతుంది. ఆదివారం ఫంక్షన్ హాలు మీటింగ్‌లో ఒకావిడ లేచి, మెట్లెక్కలేని మోకాళ్లు మూడు నెలల్లో బాగయ్యాయంటుంది. ఆవిడ అబద్ధం చెబుతోందని కాదు. ఆ మూడు నెలల్లోనే వాకింగ్ మొదలుపెట్టింది, రాత్రి అన్నం మానేసింది, డాక్టరు మందు మార్చాడు. అవేవీ మైకు దాకా రావు. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం రుజువు చేయలేని మాట చెప్పి అమ్మకూడదు.

పరిష్కారం: రుచి, కలుపుకునే తీరు, ఏ పూట తాగుతున్నారు, ధర గిట్టుబాటవుతోందా, ఇవి చెప్పండి. జబ్బు కథ చెప్పబోతే మైకు తీసుకోండి, పెద్ద లీడరైనా సరే.

సమస్య: "తమ్ముడూ, నీ పొడి మొదలుపెట్టినంక బీపీ గోళీలు బంద్ చేసిన"

మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు దీని సంగతి చూడండి.

కారణం: గోళీలు మానమని మీరు చెప్పి ఉండకపోవచ్చు. 'ఇంగ్లీషు మందులన్నీ కెమికల్సే', 'మనది 100 శాతం నేచురల్' అని ఉంటారు. గోళీలు మానేసిన ఆ అక్కకు అంతే చాలు.

పరిష్కారం: "అక్కా, నేనిచ్చింది మందు కాదు. గోళీలు ఆపుడు మంచిది కాదు, ఇయ్యాల్నే డాక్టర్‌ను అడుగు" అని ఫోన్ చేసి చెప్పండి, ఇంట్లోవాళ్లకూ చెప్పండి. కొన్ని బీపీ మందులు హఠాత్తుగా ఆపితే బీపీ ఒక్కసారిగా పెరిగిపోతుంది. మళ్లీ ఎంత డోసు వేసుకోవాలో డాక్టరు చెప్పాలి, మీరు కాదు. మీ డబ్బా కూడా ఆయనకు చూపించమనండి. ఛాతీలో నొప్పి, మాట తడబడటం, కాలుచేయి పడిపోవడం ఉంటే 108.

'సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు' అనే మాట కూడా ఇక్కడితో ఆపండి. నోని జ్యూస్‌లో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఒంట్లో పొటాషియం పెరిగితే గుండెకే ముప్పు. విటమిన్ కె ఉన్న సప్లిమెంట్, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మందు పనితనాన్ని తగ్గిస్తుంది. అందుకే అమ్మే ముందు 'ఏం మందులు వాడుతున్నారు?' అని అడగాలి. ఏదైనా వాడుతున్నామంటే డాక్టరు సరేననేదాకా ఆర్డరు రాయకండి.

సమస్య: అప్‌లైన్ (నన్ను చేర్చిన పై లీడరు) పంపిన పీడీఎఫ్‌నే ఫార్వర్డ్ చేశాను, తప్పు నా మీదకొచ్చింది

కంపెనీ ఆమోదించని ప్రచార సామగ్రి కస్టమర్‌కు ఇవ్వకూడదని 2021 నిబంధనల్లోనే ఉంది. లీడరు పంపినంత మాత్రాన కంపెనీ ఆమోదించినట్టు కాదు. కంపెనీ సైటులోనో యాప్‌లోనో లేకపోతే డిలీట్ చేయండి.

సమస్య: "మీరు డాక్టరనుకున్నాం" అంటున్నారు

కారణం: తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, రాడ్డు చేత్తో పట్టుకోగానే పేజీలకు పేజీలు రిపోర్టు తీసే బాడీ స్కానింగ్ మెషిన్. ఆ రిపోర్టులో లివర్, కిడ్నీ, గుండె అన్నింటికీ లోపం ఉంటుంది, అన్నింటికీ మన దగ్గర డబ్బా ఉంటుంది. నా మటుకు నేను ఆ మెషిన్ చూపించి చేసే అమ్మకం జోలికి పోను.

పరిష్కారం: మెషిన్ పక్కన పెట్టండి. ముందే అపాయింట్‌మెంట్ తీసుకొని, ఐడీ కార్డుతో వెళ్లి, మీరెవరో, ఏ కంపెనీయో, ఏం అమ్మడానికొచ్చారో మొదటి మాటగా చెప్పండి.

సమస్య: "తగ్గలేదు, నా డబ్బు నాకివ్వు"

వాదనకు దిగకండి. రసీదు తీసి, కంపెనీ రిటర్న్ పాలసీ ప్రకారం వెనక్కి తీసుకోండి. మీ చేతిలో లేకపోతే ఫిర్యాదులు చూసే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు ఫిర్యాదు పెట్టించండి. 48 పనిగంటల్లో అందినట్టు చెప్పాలి, మామూలుగా నెలలోపు తేల్చాలి. అక్కడా తేలకపోతే కస్టమర్‌కు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు మీరే ఇవ్వండి.